నీళ్లు లేవు మేడం: శవాసనంలో పడుకోని ఒక పిల్లాడి కేసు

ఈ కేసులో పిల్లాడి పేరు, కాలనీ పేరు రాయడం లేదు. వయసు, ఇంటి సంగతులు కొద్దిగా మార్చాను. విదేశం నుంచి వచ్చిన అతిథి టీచరు ఏ దేశమ్మాయో కూడా చెప్పను. రాసిందంతా పిల్లాడి తల్లికి చదివి వినిపించాను. విని, "మావోడిది తప్పేం లేదని రాశారుగా, చాలండీ" అంది. తప్పులు ఇందులో చాలానే ఉన్నాయి. వాటిలో సగం నావి.

దేశాలు తిరుగుతూ, దారిలో బీద పిల్లలకు కొన్నాళ్లు యోగా నేర్పుతామని ఏటా ఇద్దరు ముగ్గురు నన్ను అడుగుతుంటారు. మంచి మనసుతోనే అడుగుతారు. ఇలాంటి క్లాసులు నడిపే మనవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

విజయవాడలో పద్నాలుగేళ్లుగా యోగా నేర్పుతున్నాను. పొద్దున పటమటలో బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్న పెద్దవాళ్లకు. అది నా బతుకుదెరువు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదింటికి బుడమేరు పక్కనున్న ఒక కాలనీలో పిల్లలకు ఉచితంగా. ఏడు నుంచి పదమూడేళ్ల వాళ్లు ఇరవై ఇద్దరు. తండ్రులు ఎక్కువమంది ఆటోనగర్ షెడ్లలో పనిచేస్తారు, కొందరు ఆటో తోలతారు. తల్లులు సత్యనారాయణపురం వైపు ఇళ్లల్లో పనికి వెళ్తారు.

క్లాసు జరిగేది కాలనీ కమ్యూనిటీ హాల్లో. రేకుల కప్పు, సిమెంటు నేల, ఒకే తలుపు. ఒక గోడ వెంట మోకాలెత్తు అరుగు ఉంటుంది. పెళ్లిళ్లప్పుడు వంటసామాను పెట్టుకోవడానికి కట్టారు. గడప దిగితే సైడు కాలవ. ఈ అరుగు, ఈ కాలవ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి చోట యోగా క్లాసంటే ఆసనాల కన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉంటాయి. పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనం తిన్నాక మళ్లీ ఏమీ తినకుండా నా దగ్గరికి వస్తారు. ఖాళీ కడుపుతో ఆసనాలు వేయాలన్న నియమం పెద్దవాళ్లకు సరే. ఆకలేస్తున్న ఎనిమిదేళ్ల పిల్లకు ఆ నియమం చెప్పడానికి నాకు నోరు రాదు. రాగానే ఒక అరటిపండు, ఇరవై నిమిషాలు ఆటలు, ఆ తర్వాతే ఆసనాలు. ఊపిరి బిగబట్టే కుంభకం, ఊపిరి విసురుగా వదిలే కపాలభాతి చిన్నపిల్లలకు నేను చేయించను. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా వస్తారు కాబట్టి ఓంకారం బదులు భ్రామరి చేస్తాం, తుమ్మెద శబ్దానికి ఏ ఇంట్లోనూ అభ్యంతరం లేదు. ఐదున్నరకు పంపులొస్తే ఆడపిల్లలు మధ్యలో లేచి బిందెలు పట్టి వస్తారు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అనుకోకూడదు.

అతిథి టీచరు 2025 సంక్రాంతి అయ్యాక వచ్చింది. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. రిషీకేశ్‌లో రెండు వందల గంటల టీచర్ ట్రైనింగు పూర్తిచేసి దక్షిణాదికి దిగింది. ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు డబ్బు తీసుకోకుండా నెల దాటని సేవ చేయవచ్చు. కాబట్టి నాలుగు వారాలు, పన్నెండు క్లాసులు అని ముందే అనుకున్నాం. ఆమెకు గది ఇచ్చినవాళ్లు, విదేశీయులు దిగినట్టు అధికారులకు తెలిపే ఫారం-సి 24 గంటల్లో నింపారా లేదా అన్నదీ నేనే కనుక్కున్నాను. ఇలాంటి కాగితాల దగ్గర ఏదైనా తేడా వస్తే మొదట మూతపడేది పిల్లల క్లాసే.

ఆమెకు నాలుగు మాటలు చెప్పాను. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, రెండో పెద్ద మనిషి పక్కన ఉండాలి. ఫొటోలు వద్దు. చాక్లెట్లు, బహుమతులు వద్దు. "మళ్లీ వస్తాను" అన్న మాట వద్దు. నాలుగింటికీ సరేనంది. మొదటిది మాత్రం చివరిదాకా నిలబెట్టుకుంది.

వచ్చిన సమస్య

మొదటి వారం హాయిగా గడిచింది. ఆమెకు తెలుగు రాదు, పిల్లలకు ఆమె ఇంగ్లీషు అర్థం కాదు. ఆమె కప్పలా గెంతితే పిల్లలు "కప్ప" అని నేర్పేవారు. తాబేలు, తేలు, పిల్లి అన్నీ అలాగే. ఆమె "థేలు" అంటే పడీపడీ నవ్వి మళ్లీ చెప్పించేవారు. బడిలో ఎప్పుడూ తప్పులు దిద్దించుకునే పిల్లలు ఇక్కడ ఒక పెద్దావిడ తప్పులు దిద్దుతున్నారు. ఆ వారంలో అందరికన్నా పెద్ద మాస్టారు బుజ్జి. వాడి అసలు పేరు అది కాదు. తొమ్మిదేళ్లు, సన్నగా, సైకిలు చువ్వలా ఉంటాడు. చక్రాసనం అవలీలగా వేస్తాడు. వరదలు తగ్గాక 2024 డిసెంబరులో క్లాసు మళ్లీ మొదలైనప్పుడు కొత్తగా చేరాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డిసెంబరులో హాలు నేల ఇంకా చెమ్మగా ఉండేది. అందుకని నేను శవాసనం మానేసి, కూర్చోబెట్టి భ్రామరితో క్లాసు ముగించేదాన్ని. అంటే బుజ్జి నా క్లాసులో ఒక్కసారి కూడా నేల మీద వెల్లకిలా పడుకోలేదు. ఆ సంగతి నేను గమనించనే లేదు. అతిథి టీచరు మాత్రం తను నేర్చుకున్న పద్ధతిలో చివర పది నిమిషాలు పూర్తి శవాసనం పెట్టింది. లైటు ఆర్పి, కిటికీ మూసి.

మొదటి రోజే బుజ్జి లేచి తిరిగాడు. పడుకున్నవాళ్ల చెవులు గిల్లాడు, ఒకడి మీద నుంచి దూకాడు. రెండోరోజూ, మూడోరోజూ అంతే. మిగతా గంటంతా శ్రద్ధగా ఉండే పిల్లాడు ఆ పది నిమిషాలే ఎందుకలా అవుతున్నాడన్న ప్రశ్న అప్పుడే రావాల్సింది. ఆమె "హైపర్ యాక్టివ్" అంది. నేను "అల్లరి" అన్నాను. భాష తేడా అంతే, ఇద్దరం చేసింది ఒకటే బద్ధకపు పని.

చేసి చూసినవి, చెడగొట్టినవి

మొదట ముందు వరసలో, ఆమె పక్కనే పడుకోబెట్టాం. లాభం లేకపోయింది. తర్వాత కదలకుండా పడుకున్నవాళ్లకు నక్షత్రం స్టిక్కరు. ఆ రోజు బుజ్జి రెండు నిమిషాలు పడుకున్నాడు. ఇద్దరం సంబరపడ్డాం. కానీ వాడు పడుకున్న తీరు నాకు కనిపించింది. కళ్లు గట్టిగా బిగించి, పిడికిళ్లు ముడుచుకుని, కాలి వేళ్లు లోపలికి వంచి, ఊపిరి గొంతు దగ్గరే ఆడుతూ ఉన్నాడు. పెద్దవాళ్ల క్లాసులో ఎవరైనా అలా పడుకుంటే నేను వెంటనే లేపి కూర్చోబెట్టి మాట్లాడతాను. ఇక్కడ స్టిక్కరు పనిచేసిందన్న సంతోషంలో కళ్లారా చూసింది పక్కన పెట్టాను. ఇది అతిథి చేసిన తప్పు కాదు, అనుభవం ఉన్న నేను చేసిన తప్పు.

ఐదో క్లాసులో ఆమె అరచేతులకు లావెండర్ నూనె రాసుకుని ఒక్కొక్కరి నుదుటి మీద పెట్టుకుంటూ వచ్చింది. చాలామంది పిల్లలకు నచ్చింది. బుజ్జి ఆమె చెయ్యి విసిరికొట్టాడు. కళ్లు మూసుకున్న పిల్లాడి మీద చెప్పకుండా చెయ్యి వేయడం నేను నా క్లాసులో చేయను. కానీ ఆమెను ఆపలేదు. అతిథి కదా, ఏమనుకుంటుందో అన్న మొహమాటం. మన ఊళ్లో అతిథి మర్యాద పిల్లల ఖర్చుతో జరగడం ఇదే మొదటిసారి కాదనుకోండి.

జనవరి 31, శుక్రవారం, ఆరో క్లాసు. అందరూ పడుకున్నారు. లైటు ఆర్పారు. ఆమె మెల్లగా ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను: "కళ్లు మూసుకోండి. ఒళ్లు వదిలేయండి. ఏం కాదు, హాయిగా పడుకోండి." తర్వాత ఆమె చిన్న స్పీకరులో సముద్రపు అలల శబ్దం పెట్టింది. ఎక్కడైనా విశ్రాంతికి పెట్టే మామూలు శబ్దమే. రేకుల కింద, మూసిన గదిలో అది అలలా వినపడలేదు. నీళ్లు లోపలికి వస్తున్నట్టు వినపడింది.

బుజ్జి ఒక్క ఉదుటున అరుగెక్కి నిలబడ్డాడు. "లేవండ్రా, లేవండి! నీళ్లొచ్చినయ్!" అని అరిచాడు. నేను లైటు వేసేసరికి సగం మంది లేచి కూర్చున్నారు. అక్కాచెల్లెళ్లిద్దరు ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఒక చిన్నపిల్లకు బట్టలు తడిశాయి. మిగిలినవాళ్లలో కొందరు నవ్వారు, కానీ ఆ నవ్వు కూడా మామూలుగా లేదు.

తర్వాత తెలిసింది

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందు రోజంతా కుండపోత. ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. కానీ సింగ్ నగర్ వైపు ఇళ్లను ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు. తెల్లవారుతుండగా జనం నిద్రలో ఉండగానే వచ్చింది. రోజుల తరబడి పై అంతస్తుల్లో, డాబాల మీద ఉండిపోయారు. పడవలు తిరిగాయి, డ్రోన్లతో ఆహార పొట్లాలు వేశారు. ఇదంతా నాకు తెలుసు. నేనూ పులిహోర పొట్లాలు కట్టినదాన్నే. కానీ మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. ఐదు నెలలు తిరిగేసరికి నా లెక్కలో అది అయిపోయిన వరద. అలల శబ్దం పెడుతుంటే పక్కనే నిలబడి ఉన్నా నాకు తట్టకపోవడానికి వేరే కారణం లేదు.

మర్నాడు పొద్దున బుజ్జి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. అతిథిని తీసుకెళ్లలేదు. దుబాసీ మధ్యలో ఉంటే ఆ తల్లి చెప్పేది వేరుగా ఉంటుంది.

"ఏమ్మా, బాబు చేరినప్పుడు ఇదంతా నాకు చెప్పలేదేం?" అన్నాను.

"ఏం చెప్పమంటారు మేడంగారూ? అందరిళ్లల్లోకీ వచ్చినయ్ కదండీ. మావోడికేదో ప్రత్యేకంగా అయినట్టు చెప్పుకోవడానికి."

తర్వాత మెల్లగా చెప్పింది. బుజ్జి కింద చాప మీద పడుకున్నాడు. వాన చప్పుడుకు ఒకసారి లేచి "అమ్మా, నీళ్లు" అన్నాడట. "పండుకోరా, వానేలే, ఏం కాదు అన్నానండీ. నేనే పండుకోబెట్టాను. మళ్లీ లేచేసరికి వాడి వీపు తడిసిపోయుంది." వాళ్లాయన పిల్లాడిని భుజాన వేసుకుని పై అంతస్తులో వాళ్లింటికి ఎక్కించాడు. రెండు రాత్రులు డాబా మీద ఉన్నారు.

వెల్లకిలా నేల మీద. కళ్లు మూసుకుని. పక్కన ఒక పెద్ద మనిషి "ఏం కాదు, పడుకో" అంటూ. శవాసనంలో మేం వాడిని సరిగ్గా ఆ తెల్లవారుజాముకు తీసుకెళ్లాం. నీళ్ల చప్పుడు చివరి మెట్టు మాత్రమే. ఇంగ్లీషులో ఆమె ఏమన్నా బుజ్జికి అర్థమయ్యేది కాదు. "ఏం కాదు" అన్న తెలుగు నాది.

నిర్ణయాలు

మొదటిది, ఇది నా పనేనా? యోగా టీచరు మనసు వైద్యుడు కాదు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు వాళ్లమ్మ చేత ఫోను చేయించాను, పక్కన కూర్చున్నాను. తెలుగులోనే మాట్లాడారు. నిద్ర, తిండి, బడి, పక్క తడపడం గురించి నేనూ విడిగా అడిగి రాసుకున్నాను. బడికి వెళ్తున్నాడు, తింటున్నాడు, మంచం మీద గోడకూ తల్లికీ మధ్య లైటు వేసుకుని పడుకుంటున్నాడు. నిద్ర పూర్తిగా పోయినా, బడి మానేసినా వెంటనే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలని మాట తీసుకున్నాను. ఆ అవసరం ఇప్పటిదాకా రాలేదు.

రెండోది అతిథితో వచ్చింది. బుజ్జిని విడిగా కూర్చోబెట్టి, ఆ రోజు గుర్తుచేసి, ఏడ్పించి, శ్వాసతో బయటికి వదిలించే పద్ధతి ఒకటి తను నేర్చుకున్నానంది. నేను ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు మిగిలింది రెండు వారాలు. మధ్యలో వదిలేసి వెళ్లాల్సిన గాయాన్ని కదిలించే హక్కు ఎవరికీ లేదు. నాకైతే ఆ చదువే లేదు. వాడంతట వాడు చెబితే విందాం, మనం అడగొద్దు అన్నాను. ఆమె నొచ్చుకుంది. ఆ సాయంత్రం ఇద్దరం టీ కూడా తాగకుండా విడిపోయాం.

మూడోది శవాసనం సంగతి. అందరికీ తీసేయాలా, వాడికి మాత్రం మినహాయించాలా, లేక దాన్నే మార్చాలా? తీసేయడం తేలిక. డిసెంబరులో తెలియకుండా నేను చేసింది అదే. కానీ పగలంతా చప్పుడులో, ఇరుకులో ఉండే ఈ పిల్లలకు ఐదు నిమిషాల విశ్రాంతి దొరికేది ఇక్కడే. ఒకడి భయానికి ఇరవైమంది విశ్రాంతి పోతే ఆ ఇరవైమందీ వాడినే అంటారు. కాబట్టి మినహాయింపు ప్రయత్నించాం. రెండు క్లాసుల్లో శవాసనానికి ముందే బుజ్జిని ఇంటికి పంపాను. రెండో రోజుకే "పిరికోడు పోతున్నాడ్రోయ్" అన్న పాట మొదలైంది. దయతో ఇచ్చిన మినహాయింపు పిల్లల లోకంలో శిక్షగా మారడానికి ఒక్క పూట చాలు.

ఇక మిగిలింది మార్చడం. లైటు ఆర్పడం మానేశాం. తలుపు బార్లా తెరిచాం. "శవం" అన్న మాట తీసేసి "విశ్రాంతి" అన్నాం. శవం అన్న మాట వింటే మామూలు రోజుల్లోనే పిల్లలు కిసుక్కుమనేవారు. ఆ వరద చూసిన కాలనీలో అదేం పెద్ద హాస్యం కాదు. వెల్లకిలా బదులు బోర్లా పడుకునే మకరాసనం, తల తలుపు వైపు తిప్పి, కళ్లు తెరిచి ఉంచినా పర్వాలేదని. ఆయుష్ మంత్రిత్వ శాఖ యోగా దినోత్సవానికి ఇచ్చే కామన్ యోగా ప్రొటోకాల్‌లో కూడా బోర్లా ఆసనాలకు ముందు ఉండేది మకరాసనమే. దాన్నెంచుకోవడానికి నా లెక్క ఏంటంటే, వీపు నేలకు తగలదు, పొట్ట, రొమ్ము కింద దాగి ఉంటాయి, బయటికి దారి కళ్లకు కనిపిస్తుంది. బుజ్జి మొదటి రోజు నలభై సెకన్లు, రెండో రోజు నిమిషంన్నర ఉన్నాడు. గిల్లడం మానేశాడు. కానీ వాడు పడుకోవడం లేదు, పాకడానికి సిద్ధంగా ఉన్నాడు.

కాపలా

ఈ ఆలోచనకు బీజం వేసింది అతిథే, అది ఒప్పుకోవాలి. ఒక రోజు ఆమె అంది: నాకు తెలుగు నేర్పేటప్పుడు వాడు ఎంత నిలకడగా ఉంటాడో చూశారా? అవును. వాడి చేతిలో ఒక బాధ్యత ఉన్నంతసేపు వాడు కుదురుగా ఉంటున్నాడు. ఆ రోజు హాల్లో కూడా వాడు పారిపోలేదు. అరుగెక్కి అందరినీ లేపాడు. మేం అల్లరి అన్నది నిజానికి కాపలా. మొదటి రోజు చెవులు గిల్లింది కూడా నిద్రపోతున్నవాళ్లను లేపడానికేనేమో.

ఫిబ్రవరి 12న వాడితో అన్నాను: "బుజ్జీ, మేమందరం పడుకుంటాం. నువ్వు కాపలా ఉంటావా?" వాడు ఒక్క క్షణం నన్ను చూసి, గడప దిగి సైడు కాలవలోకి వంగి చూశాడు. తిరిగొచ్చి, "నీళ్లు లేవు మేడం. అడుగున్నయ్ అంతే. పడుకోండి" అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు. ఐదు నిమిషాలు కదల్లేదు. నేనూ పడుకున్నాను. అది ముఖ్యం. టీచరు నిలబడి పిల్లాడిని కాపలా పెడితే అది ఆట, టీచరు కూడా కళ్లు మూసుకుంటేనే కాపలా. ఇంకో పెద్ద మనిషిగా అతిథి గోడకానుకుని కూర్చుని పిల్లలను చూస్తూ ఉంది.

ఆ రాత్రి నాకు ఒక అనుమానం పట్టుకుంది. వాడి భయాన్ని నేనే పెంచుతున్నానా? పదేపదే వెళ్లి కాలవ చూడటం అలవాటైతే రేపు ఇంట్లో కూడా రాత్రి పదిసార్లు లేచి చూస్తాడు. అందుకని మూడు హద్దులు పెట్టాను. చూడటం ఒక్కసారే, పడుకోబోయే ముందు. చూసింది చూసినట్టు అందరికీ గట్టిగా చెప్పాలి. కాపలా పని వంతులవారీగా అందరికీ వస్తుంది. మూడో హద్దే అసలైనది. ఎందుకంటే వేరేవాళ్ల వంతు వచ్చిన రోజు బుజ్జి ఇంకొకరి కళ్లను నమ్మాల్సి ఉంటుంది.

అది వెంటనే జరగలేదు. ఫిబ్రవరి 14న అతిథి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, కళ్లనీళ్లతో, పిల్లలు నేర్పిన తెలుగులోనే "మళ్లీ వస్తా" అంది. నేర్చుకున్న మాటలన్నిటిలో ఆ ఒక్కటీ అక్షరం తప్పు లేకుండా పలికింది. బుజ్జి ఆ తర్వాత రెండు వారాలు క్లాసుకు రాలేదు. ఆ మధ్యలోనే ఆమె పేజీలో ఒక ఫొటో చూశాను. మా పిల్లలు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు, కింద వరద బాధిత పిల్లలు, ప్రశాంతత అంటూ ఏదో. ఫోను చేసి తీసేయమన్నాను. బాధపడింది, క్షమించమంది, రెండు రోజుల్లో తీసేసింది. చెడ్డ పిల్ల కాదు. కానీ పడుకున్న పిల్లాడి ఫొటో తీయాలంటే ఎవరో ఒకరు కాపలా వదిలేసి కెమెరా పట్టుకోవాలి కదా.

మార్చిలో బుజ్జి తిరిగొచ్చాడు. వాడి కోసం నేను వెళ్లలేదు. కాపలా వంతుల చార్టులో వాడి పేరు ఉందని పెద్ద పిల్ల ఒకతి వెళ్లి చెప్పింది. ఆ పదమూడేళ్ల పిల్లే ఇప్పుడు క్లాసు చివరి పది నిమిషాలు నడుపుతుంది. ఆ వారం వంతు ఒక చిన్నపిల్లది. బుజ్జి నా దగ్గరికొచ్చి గుసగుసగా, "అది సరిగ్గా చూడదు మేడం" అన్నాడు. "మరేం చేద్దాం?" అన్నాను. కాసేపు ఆలోచించి, "నేను అరుగు మీద పడుకుంటా" అన్నాడు.

నాకు అప్పటిదాకా తట్టలేదు. మోకాలెత్తు అరుగు. నీళ్లు వచ్చినా ముందు నేల తడుస్తుంది, తర్వాతే అరుగు. వాడు భయాన్ని కాదనలేదు, దానికి ఎత్తు కట్టాడు. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. మూడో వారానికి కళ్లు మూశాడు. ఊపిరి పొట్టలోకి దిగడం దూరం నుంచి కనిపించింది. ఇంతలో మిగతావాళ్లకూ అరుగు కావాల్సొచ్చింది. ఆరుగురు పడతారు, దానికీ వంతులే. పిల్లలు దానికి "అరుగాసనం" అని పేరు పెట్టారు. ఏ గ్రంథంలోనూ లేని ఆసనం, మా హాల్లో గిరాకీ దానికే ఎక్కువ.

పద్ధతిలో ఏం మారింది

ఇప్పుడు విదేశాల నుంచి ఎవరైనా అడిగితే మొదటి మూడు క్లాసులు నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి రమ్మంటాను. పిల్లల దగ్గర ఇరవై తెలుగు మాటలు నేర్చుకోవాలి. అది మర్యాద కోసం పెట్టింది కాదు. బుజ్జి ఎవరో నాకు కొంచెమైనా తెలిసింది వాడు నేర్పుతున్నప్పుడే. నెల రోజుల అతిథి కప్పాసనం, వృక్షాసనం, జంటగా చేసే ఆసనాలు అద్భుతంగా చేయించగలరు. ఆ పిల్ల చేయించిన నవ్వు నేను చేయించలేను. కానీ చివరి విశ్రాంతి మాత్రం అతిథి చేతిలో పెట్టను. కళ్లు మూసుకోమని అడిగే మనిషి, పిల్లలు కళ్లు తెరిచాక కూడా అక్కడే ఉండాలి.

మాటలు కూడా మార్చాను. "ఏం కాదు" అనను. నిజంగా ఏమైనా అవుతుందో కాదో నా చేతిలో లేదని ఆ పిల్లలకు నాకన్నా బాగా తెలుసు. "తలుపు తీసే ఉంది", "ఫలానా వాళ్లు కాపలా ఉన్నారు", "లేవాలనిపిస్తే లేవొచ్చు" అంటాను. మూడూ కళ్లతో చూసి సరిచూసుకోగలిగిన మాటలు. రికార్డు చేసిన శబ్దాలు లేవు. చెయ్యి వేయాలంటే ముందు అడగడం, పిల్లలు అవునంటేనే వేయడం. కొత్త పిల్లలు చేరితే ఇంటి దగ్గర అడిగే ప్రశ్నల్లో "ఎలా పడుకుంటాడు, ఎక్కడ పడుకుంటాడు" అన్నది చేర్చాను. ఆసనాలు నేర్పే నేను పద్నాలుగేళ్లలో ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు.

వాడికి పనిచేసింది కాపలానా, అరుగా, లేక గడిచిన నెలలా అంటే విడదీసి చెప్పలేను. ఇంకో పిల్లాడికి కాపలా పెడితే భయం పెరగవచ్చు కూడా. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఇవేవీ అక్కర్లేకపోయాయి, పక్కపక్కన చెయ్యి పట్టుకుని పడుకుంటే సరిపోయింది.

ఆ తర్వాత

2025 మే, జూన్ నెలల్లో యోగాంధ్ర పేరుతో రాష్ట్రమంతా నెల రోజులు యోగా జరిగింది. మా పిల్లలు ఒక మైదానంలో సాధనకు వెళ్లారు. చివర అందరూ శవాసనంలో ఉంటే బుజ్జి ఒక్కడూ కూర్చున్నాడట. వరసలు చూస్తున్న సారు "పడుకోరా" అంటే, "నేను కాపలా సార్" అన్నాడట. ఆయన ఏమనుకున్నారో గానీ వదిలేశారు.

ఆగస్టులో వానలు ఎక్కువయ్యాయి. రేకుల మీద చినుకు పడితే వాడు పడుకోడు. మిగతావాళ్లు పడుకుంటారు, వాడు అరుగు మీద గోడకానుకుని కూర్చుంటాడు. నేను పడుకోమనను.

అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చిన వారం క్లాసులు లేవు. మళ్లీ మొదలైన రోజు కాపలా వంతు కొత్తగా చేరిన ఏడేళ్ల పిల్లది. బుజ్జి దాన్ని వెంటపెట్టుకుని గడప దిగాడు. కాలవ గోడ మీద ఎప్పుడు గీశాడో, సుద్దతో ఒక అడ్డగీత ఉంది. దాన్ని చూపించి, "ఇక్కడిదాకా వస్తేనే మేడంకి చెప్పాలి. అప్పటిదాకా పడుకోవచ్చు" అని చెప్పాడు. నీళ్లు గీతకు జానెడు కింద ఉన్నాయి. ఆ పిల్ల లోపలికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సన్నగా చినుకు పడుతోంది. "అక్కా, నేనుంటాలే, నువ్వు పడుకో" అని బుజ్జి పెద్ద పిల్లతో అని, అరుగెక్కి కూర్చున్నాడు. ఆ రోజు వాడు పడుకోలేదు. మిగతావాళ్లందరూ పడుకున్నారు.